ఓటరు లిస్టులోంచి మన వాడ పేర్లు పోకుండా: వరంగల్ అనుభవంతో ఒక చట్టపరమైన సమగ్ర మార్గదర్శి

2018 డిసెంబరు 7, అసెంబ్లీ ఎన్నికల రోజు. పొద్దున పదకొండు గంటలకు మండిబజార్ వైపు నుంచి నాకు తెలిసిన ఒక పెద్దావిడ ఫోన్ చేసింది. "బేటా, కార్డు ఉన్నది, పేరు లేదంటున్నరు. నువ్వు వకీలువే గదా, జర వచ్చి చెప్పు" అంది. వెళ్లాను. కార్డు నిజంగానే ఉంది. పోయిన ఎన్నికల్లో అదే బడిలో, అదే గదిలో ఓటేసిన మనిషి. లిస్టులో మాత్రం పేరు లేదు. ఎప్పుడు తీసేశారో, ఎవరు తీసేశారో, ఎందుకు తీసేశారో చెప్పగలిగేవాళ్లు అక్కడ ఎవరూ లేరు. ఆ గంటలో ఆమె కోసం చట్టంతో చేయగలిగింది నాకు ఒక్కటీ దొరకలేదు. ఆ రోజు రాష్ట్రమంతటా ఇలాంటి ఫిర్యాదులే వచ్చాయి. అప్పటి రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి రజత్ కుమార్ బహిరంగంగా క్షమాపణ కూడా చెప్పారు. కానీ పోయిన ఓటు పోయినట్టే.

ఓటు హక్కు కేసు పోలింగ్ రోజున గెలవలేం. ఆరు నెలల ముందు, ఏడాది ముందు, రసీదుల మీద, తేదీల మీద గెలవాలి. ఈ పనిలో నేను నేర్చుకున్నదంతా ఈ ఒక్క మాటలోనే ఉంది. కింద రాసిన ప్రతి మెట్టూ దాని కోసమే. ముస్లిం వాడలు, క్రైస్తవ కుటుంబాలు, దళితవాడలు, లంబాడా తండాలు, గోండు, కోయ గూడేలు, సంచార జాతుల గుడిసెలు: సంఖ్యలో తక్కువగా ఉండి, ఆఫీసులో గట్టిగా మాట్లాడే మనిషి లేని ఎవరికైనా ఇది పనికొస్తుంది.

చట్టంలో పట్టు ఎక్కడుంది

రాజ్యాంగం 325వ అధికరణ ప్రకారం మతం, జాతి, కులం, లింగం కారణంగా ఎవరినీ ఓటరు జాబితాకు దూరంగా ఉంచకూడదు. 326వ అధికరణ వయోజనులందరికీ ఓటు ఇచ్చింది. 61వ సవరణతో ఆ వయసు 21 నుంచి 18కి దిగింది. జాబితా తయారీ, చేర్పులు, తొలగింపులు అన్నీ 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం కింద జరుగుతాయి. పోలింగ్, ఎన్నికల పిటిషన్లు 1951 నాటి చట్టం కిందికి వస్తాయి. ఈ రెండిటినీ కలిపేసి తప్పు సెక్షన్ కింద రాసిన అర్జీలు చాలా చూశాను. సంవత్సరం చూసుకుని రాయండి.

గుర్తు పెట్టుకోవాల్సిన మాట ఇంకొకటి ఉంది. 1951 చట్టం 62వ సెక్షన్ ప్రకారం జాబితాలో పేరున్నవాళ్లకే ఓటు. కార్డు గుర్తింపు కోసం మాత్రమే. కార్డు ఇంట్లో పోయినా, జాబితాలో పేరుంటే ఆధార్, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఫొటో ఉన్న బ్యాంకు పాస్‌బుక్కు లాంటి వాటితో ఓటేయొచ్చు. జాబితాలో పేరు పోతే మాత్రం కార్డు ఎంత కొత్తదైనా లాభం లేదు. ఈ తేడా ప్రతి ఇంట్లో చెప్పాలి. "కార్డుందిలే" అన్న ధీమాతోనే చాలామంది జాబితా చూసుకోరు.

మొదటి మెట్టు: లిస్టు తెచ్చుకుని ఇంటింటికీ పోల్చడం

అన్ని మెట్లలోకీ దీనికే ఎక్కువ టైం పడుతుంది, ఫలితం కూడా దీనిలోనే ఎక్కువ. ఎన్నికల సంఘం ఓటర్ల పోర్టల్‌లోగానీ, రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లోగానీ నియోజకవర్గం, పోలింగ్ కేంద్రం వారీగా జాబితా పీడీఎఫ్ దొరుకుతుంది. మీ బూత్ పరిధిలోని భాగాన్ని 'పార్ట్' అంటారు. ఆ పార్ట్ నంబరు కనుక్కోండి. మొత్తం ప్రింట్ తీయించండి. ఫోన్‌లో ఒక్కొక్క పేరు వెతికితే మన పేరు ఉందో లేదో తెలుస్తుంది గానీ, గల్లీ మొత్తంలో ఎవరు పోయారో తెలియదు.

ఇద్దరిద్దరు కలిసి తిరగండి, అందులో ఒకరు ఆడమనిషి అయితే మంచిది. పగలు ఇంట్లో ఆడవాళ్లే ఉంటారు, వాళ్లు మాట్లాడేది ఆడవాళ్లతోనే. ఒక నోటు పుస్తకంలో ఇంటి నంబరు, ఇంట్లో 18 నిండినవాళ్ల పేర్లు, లిస్టులో ఉన్నారా లేదా, ఉంటే ఎపిక్ నంబరు (ఓటరు కార్డు మీద ఉండే నంబరు), పేరులో తప్పుందా, ఎవరైనా చనిపోయారా, పెళ్లై వెళ్లారా, కొత్తగా వచ్చారా, ఇవి రాసుకోండి. చనిపోయినవాళ్ల పేర్లు కూడా నిజాయితీగా రాయాలి. మన లిస్టు నమ్మదగినది అని అధికారికి అనిపించాలంటే, తీసేయాల్సినవి మనమే చెప్పాలి.

పేర్ల దగ్గర చాలా జాగ్రత్త కావాలి. మన ఉత్తర తెలంగాణలో ఎక్కువ గొడవ ఇక్కడే మొదలవుతుంది. ఉర్దూ పేరు తెలుగులోకి వచ్చేసరికి ఒకచోట 'మహ్మద్', ఇంకోచోట 'మొహమ్మద్', కార్డు మీద 'ఎండీ' అవుతుంది. బేగం, బీ, సుల్తానా లాంటివి ఒక కాగితంలో ఉంటాయి, ఇంకోదానిలో ఉండవు. తండాల్లో ఇంకో రకం చిక్కు. భూక్యా, బానోతు, గుగులోతు, అజ్మీరా అనే నాలుగైదు ఇంటిపేర్లలోనే ఊరంతా ఉంటుంది. ఒకే తండాలో ఒకే పేరుతో నలుగురు ఆడవాళ్లు, వాళ్లలో ఇద్దరి భర్తల పేర్లు కూడా ఒకటే కావడం మామూలు సంగతి. కంప్యూటర్ ఇలాంటి వాళ్లను 'ఒకే మనిషి రెండుచోట్ల' అని చూపిస్తుంది. డూప్లికేట్ అని ఒకరిని కొట్టేస్తే నిజమైన ఓటరు పోతారు. కాబట్టి ఒకే పేరున్న వాళ్లందరినీ ఒక పేజీలో విడిగా రాసి, వయసు, భర్త లేదా తండ్రి పేరు, ఇంటి నంబరు, ఎపిక్ నంబరు పక్కపక్కన పెట్టండి. ఈ ఒక్క పేజీ తర్వాత హియరింగ్‌లో ఎంతగా పనికొస్తుందో చెప్పలేను.

సేకరించిన వివరాలను వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. ఏ ఇంట్లో ఎవరున్నారు, ఫోన్ నంబరు ఏంటి అనేవి వాళ్ల సొంత సంగతులు. అడిగి, ఒప్పుకున్నాకే రాసుకోవాలి. పుస్తకం ఒకరి దగ్గరే ఉండాలి. పార్టీ కండువాతో మాత్రం ఈ పనికి వెళ్లొద్దు. కండువా చూడగానే సగం ఇళ్ల తలుపులు మూసుకుంటాయి, అధికారి కూడా మన కాగితాన్ని పార్టీ కాగితంలాగే చూస్తాడు.

రెండో మెట్టు: సరైన ఫారం, చేతిలో రసీదు

కొత్తగా చేరడానికి, తీసేసిన పేరు మళ్లీ ఎక్కించుకోవడానికి ఫారం 6. ఇల్లు మారినా, పేరు తప్పున్నా, కార్డు పోయినా, దివ్యాంగులుగా నమోదు కావాలన్నా ఫారం 8. ఇంకొకరి పేరు మీద అభ్యంతరానికి, తొలగింపుకు ఫారం 7. ఇంతే.

ఇప్పుడు ఏడాదికి నాలుగు అర్హత తేదీలు ఉన్నాయి: జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1. 17 నిండిన పిల్లలు ముందుగానే అర్జీ పెట్టుకోవచ్చు. తగిన కారణం ఉండి ఆధార్ నంబరు ఇవ్వలేకపోతే, అందుకోసం ఎవరి దరఖాస్తునూ తిరస్కరించకూడదని 1950 చట్టం 23వ సెక్షన్‌లోనే ఉంది. అద్దె కాగితం, కరెంటు బిల్లు లేని కుటుంబాలకు బూత్ లెవెల్ ఆఫీసర్ ఇంటికి వచ్చి చూడటం ఒక దారి. మనం బీఎల్‌వో అనే ఆ మనిషి చాలాచోట్ల అంగన్‌వాడీ టీచరో, బడిపంతులో అయి ఉంటారు. వాళ్లతో కొట్లాట పెట్టుకోకండి. వాళ్లకున్న పని వాళ్లకుంది, మన నోటు పుస్తకం వాళ్లకు సాయంగా ఉండాలి.

ఆన్‌లైన్‌లో పెడితే రిఫరెన్స్ నంబరు వస్తుంది. ఆ పేజీ ప్రింట్ తీసి పెట్టండి. చేతితో ఇస్తే ఫారం అడుగున ఉండే రసీదు ముక్కను సంతకంతో, తేదీతో తీసుకోండి. "తర్వాత ఇస్తాంలే" అంటే అక్కడే నిలబడండి. రసీదు లేకుండా ఇచ్చిన అర్జీ చట్టం ముందు లేనట్టే లెక్క. మీ సేవ దగ్గర ఇంకొకరితో నింపిస్తే, వాళ్ల ఫోన్ నంబరు కాకుండా ఇంట్లోవాళ్ల నంబరే ఇవ్వండి. మెసేజ్ ఎవరికి పోతే అర్జీ అదుపు వాళ్ల చేతిలో ఉన్నట్టే.

మూడో మెట్టు: ఫారం 7 మీద కన్ను

పేర్లు ఎక్కించడం ఒక ఎత్తు, ఎక్కిన పేర్లు నిలబెట్టుకోవడం ఇంకో ఎత్తు. ఫారం 7 పెట్టడానికి ఆ నియోజకవర్గం జాబితాలో పేరున్న ఓటరు అయితే చాలు. నిజంగా చనిపోయినవాళ్ల పేరు తీయించడానికి అది కావాలి కూడా. దాన్నే గుంపుగా వాడితే ఏమవుతుందో పక్కనే కలబురగి జిల్లా ఆళందలో చూశాం. 2023 కర్ణాటక ఎన్నికల ముందు అక్కడ 6,018 పేర్ల తొలగింపుకు ఆన్‌లైన్‌లో ఫారం 7లు పడ్డాయి. అధికారులు ఇంటింటికీ తిరిగి చూస్తే అందులో సరైనవి 24 మాత్రమే. ఎవరి పేరుతో అర్జీ పడిందో ఆ మనుషులకే ఆ సంగతి తెలియదు. అనుమానం వచ్చి ఒకరు అడగబట్టి బయటపడింది.

మనం అడగాల్సిన చోటు ఇది. వచ్చిన ఫారం 6ల జాబితాను ఫారం 9లో, ఫారం 7ల జాబితాను ఫారం 10లో, ఫారం 8ల జాబితాను ఫారం 11లో ఓటర్ల నమోదు అధికారి (నియోజకవర్గం జాబితాకు బాధ్యత వహించే అధికారి) ప్రకటించాలి. నోటీసు బోర్డు మీద, వెబ్‌సైట్‌లో ఇవి ఉంటాయి. ఓటరు జాబితా సవరణ నడిచే రోజుల్లో వారానికి ఒకసారి ఎవరో ఒకరు ఫారం 10 చూడాలి. అందులో మూడు సంగతులు వెతకండి: మన పార్ట్‌లో ఒక్కసారిగా ఎక్కువ అభ్యంతరాలు పడ్డాయా, అవన్నీ ఒకరిద్దరి పేర్లతోనే ఉన్నాయా, ఒకే వాడకో ఒకే రకం పేర్లకో పరిమితమయ్యాయా. అలా కనబడితే ఆ పేజీ ప్రింట్ తీసి, మీ నోటు పుస్తకంతో పోల్చి, 'ఈ ఇన్ని పేర్లలో ఇంతమంది ఇదే ఇంట్లో ఉన్నారు' అని పట్టికతో నమోదు అధికారికి అర్జీ ఇవ్వండి. నకలు కలెక్టర్‌కు పంపండి, ఆయనే జిల్లా ఎన్నికల అధికారి. అభ్యంతరం పెట్టినాయన పేరు కనబడుతుంది కాబట్టి ఇంటి మీదికి పోదాం అనే కుర్రాళ్లు ఉంటారు. వద్దని గట్టిగా చెప్పండి. తెలిసి తెలిసి అబద్ధపు డిక్లరేషన్ ఇస్తే 1950 చట్టం 31వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు లేదా జరిమానా, రెండూ కూడా పడొచ్చు. ఆ దారిలోనే వెళ్దాం. అదే సెక్షన్ మనకూ వర్తిస్తుంది: ఊళ్లో లేనివాళ్లకు ఫారం 6 పెట్టించకండి.

నాలుగో మెట్టు: నోటీసు, హియరింగ్

ఒకరు ఇక్కడ ఉండటం లేదనో, అర్హత లేదనో పేరు తీయాలంటే, ముందుగా ఆ మనిషికి చెప్పుకునే అవకాశం ఇవ్వాలని 1950 చట్టం 22వ సెక్షన్ చెబుతుంది. ఇందులో ఒక సందు ఉంది. చనిపోయారన్న కారణంతో తీస్తే ఆ సెక్షన్‌లోని విచారణ నిబంధన వర్తించదు. అందుకే బతికున్న మనిషిని 'మరణించారు' అని కొట్టేసిన సందర్భాలు చివరిదాకా బయటపడవు. మీ పోలికలో అలాంటి పేరు దొరికితే ఆలస్యం చేయకండి. ఆ మనిషినే తోడు తీసుకుని అధికారి ముందుకు వెళ్లండి, ఫారం 6 అక్కడే పెట్టించండి.

నోటీసు వస్తే తప్పకుండా వెళ్లాలి. కూలి పోతుందని, భయమని, "మనల్నేం చేస్తారులే" అని ఊరుకుంటే రెండు విధాలా నష్టం. పేరు పోతుంది. దానితో పాటు, చెప్పుకునే అవకాశాన్ని వాడుకోని వాళ్లకు అప్పీలు లేదని 1960 నాటి ఓటర్ల నమోదు నిబంధనల్లో ఉంది. రాలేని వృద్ధులు, బాలింతలు ఉంటే కనీసం రాతపూర్వక సమాధానం పంపి రసీదు తెచ్చుకోండి.

హియరింగ్‌కు తీసుకెళ్లాల్సినవి: నోటీసు, ఎపిక్, రేషన్ కార్డు, ఆధార్, పాత ఓటరు జాబితాలో తన పేరో తల్లిదండ్రుల పేరో ఉన్న పేజీ, బడి సర్టిఫికెట్ ఉంటే అది, ఇరుగుపొరుగు ఇద్దరు. అన్నిటికీ జిరాక్స్ రెండు సెట్లు. పాత జాబితాకు ఉన్న బలం చాలామందికి తెలియదు. లాల్ బాబు హుస్సేన్ కేసులో 1995లో సుప్రీంకోర్టు ఈ మాట తేల్చింది. ముందు జాబితాలో పేరున్న మనిషిని ఆనాటి అధికారులు పరిశీలించే చేర్చారని అనుకోవాలి. ఆ మనిషి పౌరుడు కాదన్న సందేహం వస్తే, దానికి ఆధారం ఏంటో చెప్పి, సమాధానం ఇచ్చుకునే నిజమైన అవకాశం ఇవ్వాలి. ఒట్టి పోలీసు రిపోర్టు మీద మూకుమ్మడిగా పేర్లు తీయకూడదు. మీ సమాధానంలో ఈ తీర్పు పేరు, సంవత్సరం రాయండి. పాత జాబితా పేజీకి ఫీజు కట్టి ధ్రువీకరించిన నకలు తీసుకోవచ్చు, అది ఇంకా బలం.

నోటీసులో కారణం రాయకపోతే మొదటి మాటగా దాన్నే అడగండి. "నా పేరు మీద అభ్యంతరం ఏమిటి, ఎవరు పెట్టారు, ఆధారం ఏమిటి" అని రాసి ఇవ్వండి. మర్యాదగా, క్లుప్తంగా, తేదీతో. చివర్లో ఇచ్చే నిర్ణయం కాగితం మీద కావాలని అడగండి. నోటి మాట మీద అప్పీలు నడవదు.

ప్రత్యేక సమగ్ర సవరణ (ఎస్ఐఆర్, జాబితా మొత్తాన్నీ మళ్లీ సరిచూడటం) లాంటి పెద్ద కార్యక్రమం వస్తే ఈ మెట్టే ప్రాణం. బీహార్‌లో 2025లో జరిగినప్పుడు ముసాయిదా జాబితాలో సుమారు 65 లక్షల పేర్లు లేకుండా పోయాయి. ఆ పేర్లన్నీ, ఎందుకు లేవో కారణంతో సహా, అందరూ వెతుక్కునేలా ప్రకటించాలని సుప్రీంకోర్టు ఆగస్టు 14న ఆదేశించింది. గుర్తింపు కోసం ఆధార్‌ను కూడా 12వ పత్రంగా తీసుకోవాలని సెప్టెంబరు 8న చెప్పింది, అయితే అది పౌరసత్వానికి రుజువు కాదని స్పష్టం చేసింది. కారణం తెలుసుకునే హక్కు అక్కడ అడిగితేనే వచ్చింది. కాబట్టి పాత జాబితా పేజీలు, బడి కాగితాలు ఇప్పుడే ఇంట్లో ఒకచోట పెట్టుకోమని ప్రతి కుటుంబానికీ చెప్పండి. టెన్షన్ పెట్టడానికి కాదు, ఆఖరి వారంలో పరుగులు లేకుండా.

ఊళ్లో లేరు అన్న కారణం

జగిత్యాల, నిర్మల్, నిజామాబాద్, సిరిసిల్ల ప్రాంతాల్లో ఇంటికొకరు గల్ఫ్‌లోనో, ముంబయి, భివండీల్లోనో ఉంటారు. వరంగల్ చుట్టుపక్కల తండాల నుంచి పనుల కోసం హైదరాబాద్ పోతారు. బీఎల్‌వో వచ్చిన రోజు తాళం కనబడితే 'షిఫ్టెడ్' అని పడుతుంది. 1950 చట్టం 20వ సెక్షన్ ఈ విషయంలో మనవైపే ఉంది. తాత్కాలికంగా ఊరు విడిచినంత మాత్రాన అక్కడి నివాసి కాకుండా పోరు. అలాగే ఒట్టి ఇల్లు ఉన్నంత మాత్రాన నివాసి కూడా కారు, ఆ మాటా అదే సెక్షన్‌లో ఉంది. కాబట్టి ఊరితో ఉన్న బంధానికి రుజువులు చూపాలి: భార్యాపిల్లలు ఇక్కడే ఉండటం, రేషన్ ఇక్కడే తీసుకోవడం, పండక్కి, పంటకి రావడం. విదేశంలో స్థిరంగా ఉంటూ భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు ఫారం 6ఏ కింద విదేశీ ఓటరుగా చేరొచ్చు. ఓటు మాత్రం సొంతూరికి వచ్చి వేయాల్సిందే.

ఇల్లే లేనివాళ్లకు కూడా ఓటు ఉంది. బస్టాండ్ దగ్గరో, దర్గా అరుగుమీదో పడుకునేవాళ్లు ఆ చోటునే చిరునామాగా ఇవ్వొచ్చు. బీఎల్‌వో రాత్రిపూట వచ్చి నిజంగా అక్కడే పడుకుంటున్నారా చూడాలి, కాగితం అడగకూడదు. బుడగ జంగాలు లాంటి సంచార కుటుంబాలకు ఈ దారి చెప్పండి. ములుగు, భూపాలపల్లి అడవుల్లో ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి స్థిరపడిన గుత్తికోయల సంగతి ఇంకా సున్నితం. వాళ్ల ఎస్టీ హోదా, భూమి, అటవీ శాఖతో గొడవలు వేరు, ఓటు హక్కు వేరు. భారత పౌరులై, 18 నిండి, ఇక్కడ సాధారణంగా నివసిస్తుంటే చాలు. కుల ధ్రువీకరణ పత్రం లేదని ఓటు ఆపడానికి వీల్లేదు. అయితే పాత రాష్ట్రంలో పేరుంటే అది తీయించుకోవాలి, రెండుచోట్ల ఉండకూడదు.

ఐదో మెట్టు: అప్పీలు

నమోదు అధికారి నిర్ణయం మీద మొదటి అప్పీలు కలెక్టర్‌కు, 15 రోజుల్లోపు. అక్కడా కాకపోతే రెండో అప్పీలు హైదరాబాద్‌లోని రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారికి, 30 రోజుల్లోపు. ఇది 1950 చట్టం 24వ సెక్షన్. అప్పీలు ఒకటిన్నర పేజీ మించనక్కర్లేదు: నేను ఎవరిని, ఎప్పటి నుంచి ఓటరును, ఏ తేదీన ఏం జరిగింది, నోటీసు అందిందా లేదా, ఏ కాగితాలు చూపాను, ఏం కోరుతున్నాను. వెనక నిర్ణయం నకలు, రసీదులు. ఆవేశం వద్దు, రాజకీయం వద్దు. నిర్ణయం నకలు ఇవ్వకపోతే, అడిగిన అర్జీ రసీదునే జత చేయండి. సమాచార హక్కు కింద పది రూపాయల ఫీజుతో ఆ ఫైలు అడగొచ్చు, కానీ దానికి 30 రోజుల గడువు ఉంటుంది. 15 రోజుల అప్పీలు దాని కోసం ఆగదు, రెండూ ఒకేసారి మొదలుపెట్టండి.

మున్సిఫ్ కోర్టులో దావా వేద్దామని కొందరంటారు. ఓటరు జాబితా వ్యవహారాల్లో సివిల్ కోర్టులకు అధికారం లేదని అదే చట్టం 30వ సెక్షన్ తేల్చేసింది. డబ్బు, కాలం పోగొట్టుకోకండి.

ఆరో మెట్టు: హైకోర్టు, సమయం చూసుకుని

226వ అధికరణ కింద రిట్ (అధికారులను ఆదేశించమని నేరుగా హైకోర్టులో వేసే పిటిషన్) ఎప్పుడు నిలుస్తుంది? నోటీసు లేకుండా పేర్లు తీసినప్పుడు, అర్జీలు, అప్పీళ్లు పెట్టినా నిర్ణయం చెప్పకుండా కూర్చున్నప్పుడు, ఒక వాడనో ఒక సమూహాన్నో పట్టుకుని తొలగించారనడానికి కాగితాలు ఉన్నప్పుడు. "అప్పీలు ఉండగా ఇక్కడికెందుకు వచ్చారు?" అన్నది జడ్జి మొదటి ప్రశ్న. పెట్టాం, ఇదిగో రసీదు, ఇన్ని రోజులైంది అని చెప్పగలగాలి.

అడిగేది కూడా ఆచితూచి అడగాలి. 'ఎన్నికలు ఆపండి' అంటే కోర్టు వినదు. నోటిఫికేషన్ తర్వాత కోర్టుల జోక్యానికి 329వ అధికరణ అడ్డు. జాబితాలో లోపాల పేరుతో ఎన్నికను ఆపడం సరికాదని 1985లో లక్ష్మీచరణ్ సేన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 'ఫలానా తేదీలోపు మా దరఖాస్తులు పరిష్కరించమనండి', 'విచారణ లేకుండా తీసిన పేర్లు పునరుద్ధరించమనండి' లాంటి చిన్న, కచ్చితమైన ఆదేశాలు అడిగితే దొరికే అవకాశం ఎక్కువ. వందమంది బాధితులుంటే అందరినీ పిటిషనర్లు చేయక్కర్లేదు. కాగితాలు పక్కాగా ఉన్న ఐదారుగురు ముందుండి, మిగతావాళ్ల పట్టికను అఫిడవిట్‌కు జత చేయొచ్చు. ఇక్కడే ఆ మొదటి నోటు పుస్తకం సాక్ష్యంగా మారుతుంది.

నామినేషన్ల ఆఖరి గడువు దాటితే ఆ ఎన్నిక ముగిసేదాకా జాబితాలో చేర్పూ లేదు, తీసివేతా లేదు, అది 1950 చట్టం 23వ సెక్షన్. కాబట్టి కోర్టుకు పోయేదేదైనా దానికి చాలా ముందే పోవాలి. ఫారం 6 కూడా ఆ గడువుకు కనీసం పది రోజుల ముందు చేరాలి.

వకీలు ఖర్చు భరించలేని వాళ్లు హన్మకొండ అదాలత్ దగ్గర కోర్టు ప్రాంగణంలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగండి, లేదా 15100కి ఫోన్ చేయండి. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ కింద మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. మిగతావాళ్లకు ఆదాయ పరిమితిని బట్టి. ముస్లిం కుటుంబంలో మగవాళ్లకు పరిమితి అడ్డొచ్చినా, పేరు పోయిన ఆడవాళ్లు తమ పేరున నేరుగా కోరుకోవచ్చు.

పోలింగ్ రోజు

ప్రతి ఎన్నికలోనూ ఫోన్లలో ఒక మెసేజ్ తిరుగుతుంది: పేరు లేకపోయినా 'సెక్షన్ 49ఏ కింద ఛాలెంజ్ ఓటు' వేయొచ్చని. అది అబద్ధం. పేరు లేకపోతే ఓటు లేదు. పేరుండి, మన ఓటు ఇంకెవరో ముందే వేసేస్తే మాత్రం టెండర్డ్ ఓటు ఉంది. ప్రిసైడింగ్ అధికారి (బూత్‌కు పెద్ద) ప్రశ్నలకు సరైన జవాబులిచ్చి, బ్యాలెట్ పేపర్ మీద వేయొచ్చు. అది మామూలు లెక్కింపులో రాదు, ఎన్నికల పిటిషన్‌లో పనికొస్తుంది. కాబట్టి "ఎవరో వేసేశారు పో" అంటే వెనక్కి రాకండి, టెండర్డ్ ఓటు అని పేరు పెట్టి అడగండి.

బుర్ఖా వేసుకున్న ఆడవాళ్ల గుర్తింపు చూడటం పోలింగ్ సిబ్బంది పని, మహిళా సిబ్బందితో, మర్యాదగా. బూత్‌లోని ఏ పార్టీ ఏజెంటుకూ ముసుగు తీయమనే అధికారం లేదు. ఏజెంటుకు అనుమానముంటే రెండు రూపాయలు కట్టి ప్రిసైడింగ్ అధికారి ముందు అభ్యంతరం చెప్పాలి, విచారించి తేల్చేది ఆ అధికారే. ఈ సంగతి మన ఆడవాళ్లకు ముందురోజే చెప్పండి, ధైర్యంగా వెళ్తారు.

బెదిరింపులకు రెండు చట్టాలు. ఎస్సీ, ఎస్టీలను ఓటేయనివ్వకపోయినా, ఫలానావాళ్లకే వేయమని బలవంతం చేసినా అట్రాసిటీ చట్టం సెక్షన్ 3(1)(ఎల్) కింద నేరం. ఎవరికైనా వర్తించేది భారతీయ న్యాయ సంహిత 171వ సెక్షన్, అనుచిత ప్రభావం. ఎన్నికల షెడ్యూలు వచ్చాక సీ విజిల్ యాప్‌లో అక్కడికక్కడే ఫొటో, వీడియో తీసి పంపితే 100 నిమిషాల్లో స్పందించాలన్నది ఎన్నికల సంఘం పెట్టుకున్న లక్ష్యం. 1950 అనే హెల్ప్‌లైన్ ఫోన్ నంబరుకూ చెప్పొచ్చు. యాప్‌లో పెట్టినా సరే, రిటర్నింగ్ అధికారికి రాతపూర్వక ఫిర్యాదు కూడా ఇవ్వండి.

ఫలితాన్నే ప్రశ్నించాలంటే గెలిచిన అభ్యర్థి ఎన్నికైన తేదీ నుంచి 45 రోజుల్లోపు హైకోర్టులో ఎన్నికల పిటిషన్. ఓటరు కూడా వేయొచ్చు. అయితే జాబితా తయారీలో తప్పుల్ని అందులో తోడటానికి కోర్టులు ఒప్పుకోవు. అందుకే మళ్లీ మొదటి మెట్టే దిక్కు.

ఫైలు

ప్రతి పార్ట్‌కు ఒక ఫైలు పెట్టండి. ముందు పేజీలో తేదీల వరుస: ఏ రోజు ఏ అర్జీ, ఏ రసీదు, ఎవరు ఏం చెప్పారు. తర్వాత లిస్టు ప్రింట్, నోటు పుస్తకం నకలు, ఫారం 10 పేజీలు, నోటీసులు, సమాధానాలు. ఆ ఫైలు వకీలు దగ్గర కాక వాడలో ఉండాలి, మా దగ్గరైతే ఒక కిరాణా కొట్టులో ఉంటుంది. ఏ పార్టీ వాళ్లకూ ఇవ్వరు, వాడలో ఎవరడిగినా తీసి చూపిస్తారు.

ఆ పెద్దావిడకు 2018 ఎన్నిక అయిపోగానే ఫారం 6 పెట్టించాం. 2019 ఏప్రిల్ 11న లోక్‌సభ ఎన్నికకు పేరు ఎక్కింది, వెళ్లి ఓటేసింది. అప్పటి నుంచి కొత్త లిస్టు వచ్చిందని తెలిస్తే చాలు, ఆ కొట్టుకు పోయి, కళ్లద్దాలు పెట్టుకుని, తన పేరుతోపాటు గల్లీలోని ఆడవాళ్లందరి పేర్లూ వేలితో వెతుకుతుంది. దొరకని పేరు ఉంటే నాకు ఫోన్ వస్తుంది.